పిల్లల వేసవి – పెద్దల సమయం

బడులకు సెలవులు వచ్చాయి. ఏప్రిల్ నాలుగో వారం మొదలు జూన్ రెండో వారం దాకా, దాదాపు ఏడు వారాలు పిల్లలు ఇంటిపట్టునే ఉంటారు. సెలవులంటే పిల్లలకు పండుగ. తల్లులకు మాత్రం అదొక పరీక్ష. రెండు గదుల ఇల్లు, పైన రేకుల కప్పు, మధ్యాహ్నం పన్నెండు దాటితే నిప్పులు కురిసే ఎండ, అప్పుడప్పుడు పోయే కరెంటు, ఇంట్లో ముగ్గురో నలుగురో చిన్నపిల్లలు. ఈ పరిస్థితిలో ఏ తల్లి అయినా చివరికి చేసే పని ఒకటే. ఏడ్చే బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి తన పనిలో పడుతుంది. ఆమెను తప్పుపట్టడం సులభమే గాని న్యాయం కాదు. మరో దారి ఆమెకు ఎవరూ చూపలేదు.

పట్టణాల్లో కలిగినవారు పిల్లల్ని వేసవి శిబిరాలకు పంపుతున్నారు. ఈత, చిత్రలేఖనం, కరాటే, ఇంగ్లీషు మాటకారితనం, అన్నింటికీ వేలల్లో రుసుములు. ఆటో తోలేవారు, దర్జీ పనివారు, పండ్ల బండి పెట్టుకునేవారు ఆ ఊసే తలపెట్టలేరు. తలపెట్టలేనందుకు లోలోపల బాధపడతారు కూడా. నలుగురి పిల్లలకు దొరికేది తమ పిల్లలకు దొరకడం లేదన్న ఆ బాధ అర్థం చేసుకోదగినదే. అయితే ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పదేళ్ళ లోపు పిల్లలకు కావలసినది శిబిరం కాదు. తమ ఇంటి పెద్దవాళ్ళు తమతో కూర్చోవడం వారికి కావాలి. దానికి డబ్బు అక్కరలేదు. రోజుకు ఒక గంట, ఆ గంటలో కాస్త ఓపిక ఉంటే చాలు.

దైవప్రవక్త (స) జీవితం ఎరిగిన వారికి ఇది కొత్త సంగతి కాదు. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టను పెంచుకునేవాడు. ఆయన (స) ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ చిన్నవాణ్ణి పిట్ట సంగతి అడిగి పలకరించేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. మదీనా వ్యవహారాలన్నీ భుజాన మోస్తున్న వ్యక్తికి ఒక పసివాడి పిట్టను గుర్తుంచుకునే తీరిక ఉండింది. దుకాణం మూసి ఇంటికి చేరి, భోజనం ముగిసేదాకా కూడా ఫోను కింద పెట్టని నేటి తండ్రులు తమకు తీరిక లేదంటే నమ్మేదెలా?

ఫోను సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక వివరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చిన్నపిల్లల విషయమై కొన్ని సూచనలు వెలువరించింది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే చూపవద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజు మొత్తం మీద గంటకు మించరాదని, అంతకన్నా తగ్గితే మరీ మంచిదని ఆ సూచనల సారాంశం. ఇప్పుడు మన ఇళ్ళలో మూడేళ్ళ పిల్లవాడు ఫోను చూడనిదే ముద్ద మింగడం లేదు. అయితే ఫోనును లాక్కోవడం ఒక్కటే పరిష్కారం కాదు. లాక్కున్న చేతిలో మరొకటి పెట్టాలి. ఆ మరొకటి ఏమిటన్నదే ఇక్కడ మా ప్రస్తావన.

ముందుగా రోజును ఎండను బట్టి విభజించుకోవాలి. ఫజర్ నమాజు తరువాత తొమ్మిది గంటల దాకా చల్లగా ఉంటుంది. పరుగులు, ఆటలు, మసీదులో దీనియాత్ పాఠాలు, బజారు పనులు అన్నీ అప్పుడే కానివ్వాలి. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లలు గడప దాటకూడదు. ఈ విషయంలో మొహమాటానికి తావులేదు. అసర్ తరువాత మళ్ళీ బయట. ఇషా తరువాత డాబా మీద లేదా వాకిట్లో. ఇలా చూస్తే రోజు దానంతట అదే నాలుగు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు ఒక్కో పని దొరుకుతుంది. సెలవులు కదా అని పిల్లల్ని పది దాకా పడుకోబెట్టే ఇళ్ళలో చల్లని పొద్దంతా నిద్రలో పోతుంది. లేచేసరికి బయట ఎండ, ఇంట్లో విసుగు.

ఈ కాలంలోనే చేయగలిగిన, పైసా ఖర్చులేని పని ఒకటుంది. ఒక మూరెడు కర్ర తీసుకుని డాబా మీదనో పెరట్లోనో నిట్టనిలువుగా నిలబెట్టండి. మట్టి నింపిన డబ్బాలో గుచ్చితే సరిపోతుంది. ఉదయం ఎనిమిది నుంచి గంటకోసారి దాని నీడ కొస ఎక్కడ పడిందో సుద్దముక్కతో గుర్తు పెట్టమని పిల్లలకు చెప్పండి. పిల్లలు నీడపట్టునే కూర్చుని, గంటకోసారి ఒక్క నిమిషం వెళ్ళి గుర్తు పెట్టి వచ్చేస్తే చాలు. సూర్యుని వైపు మాత్రం నేరుగా చూడరాదు. సాయంత్రానికి నేల మీద ఒక వరుస గుర్తులు ఏర్పడతాయి. పొద్దున నీడ పడమటికి పొడుగ్గా సాగి ఉంటుంది, మధ్యాహ్నానికి కుంచించుకుపోతుంది, తరువాత తూర్పుకు సాగుతుంది. ఏడేళ్ళ పిల్లవాడు కూడా దీన్ని తన కళ్ళతో చూసి తెలుసుకుంటాడు.

అసలు వింత మే నెలలో ఉంది. మన ప్రాంతాల్లో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిలువు కర్రకు నీడే ఉండదు. కడప, నెల్లూరు వైపు ఇది ఏప్రిల్ ఆఖరి రోజుల్లో, కర్నూలు, గుంటూరు, విజయవాడల్లో మే మొదటి వారంలో, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో, ఇంకా ఉత్తరాన ఆదిలాబాదు చేరేసరికి మే మూడో వారంలో వస్తుంది. తిరిగి జులై ఆఖరులోనో ఆగస్టులోనో మరోసారి వస్తుంది గాని అప్పటికి మబ్బులుంటాయి, బడులూ ఉంటాయి. ఢిల్లీలో ఉన్న పిల్లలకు ఈ దృశ్యం ఎన్నడూ దొరకదు. ఆ నగరం కర్కటరేఖకు పైన ఉంది. హైదరాబాదులో ఈ క్షణం పన్నెండు గంటలకు కాదు, పన్నెండు గంటల పన్నెండు నిమిషాల ప్రాంతంలో వస్తుంది. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు సూర్యుడు ఇంకా నడినెత్తికి రాలేదేమని పిల్లలు అడుగుతారు. దేశమంతటికీ ఒకే గడియారం పెట్టుకున్నామని, సూర్యుడు మాత్రం ఊరూరికీ వేరువేరు వేళకు నడినెత్తికి వస్తాడని అప్పుడు చెప్పవచ్చు.

నమాజు వేళలు ఎలా ఏర్పడ్డాయో పిల్లలకు దీనితోనే చూపించవచ్చు. జుహర్, అసర్ వేళలను ఫిఖహ్ గ్రంథాలు నీడ పొడవును బట్టే నిర్ణయించాయి. మిట్టమధ్యాహ్నం ఉండే కనీస నీడను సాయా అస్లీ అంటారు. అది పోను వస్తువు నీడ దాని ఎత్తుకు సమానమైతే మిస్లె అవ్వల్, రెట్టింపైతే మిస్లె సానీ. షాఫయీలు మొదటిదాన్ని అసర్ ఆరంభంగా తీసుకుంటారు, మనలో అధిక సంఖ్యాకులైన హనఫీలు రెండో దాన్ని తీసుకుంటారు. మామూలు రోజుల్లో సాయా అస్లీని తీసివేసి లెక్కించడం పిల్లలకు కష్టం. నీడలేని రోజున ఆ చిక్కు లేదు. కర్ర ఎంతో కొలవాలి, నీడ ఎంతో కొలవాలి, అంతే. హైదరాబాదులో మే 9న మూడు గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో నీడ కర్రంత అవుతుంది. నాలుగు గంటల నలభై ప్రాంతంలో కర్రకు రెట్టింపవుతుంది. ఆ తరువాత గోడకు వేలాడే నమాజు వేళల పట్టికలో అసర్ ఎప్పుడుందో చూడమనండి. పట్టికను వేసినవారు ఏం చేశారో పిల్లవాడికి అర్థమవుతుంది. దేన్నయినా అచ్చులో ఉంది కాబట్టి నమ్మడం వేరు, కొలిచి చూసి తెలుసుకోవడం వేరు. వేల రూపాయల సైన్సు శిబిరంలో ఇంతకన్నా మంచి పాఠం చెబుతారని మేము అనుకోము.

ఇలాంటిదే చంద్రుని లెక్క. నెలవంక కనిపించిన సాయంత్రం నుంచి రోజూ ఒకే వేళకు, ఒకే చోట నిలబడి చంద్రుడు ఎంత ఉన్నాడో, ఎక్కడ ఉన్నాడో పాత నోటుపుస్తకంలో గీయమనాలి. బడి ఏడాది ముగిశాక మిగిలిపోయిన తెల్ల కాగితాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వాటిని కుట్టి ఒక పుస్తకం చేస్తే సరి. పద్నాలుగు రోజులకు పద్నాలుగు బొమ్మలు తయారవుతాయి. ఈద్ చంద్రుడి కోసం ఏడాదికి రెండుసార్లు ఎగబడి చూసే పిల్లలకు మిగతా నెలల చంద్రుడు ఎలా పెరుగుతాడో తెలియకపోవడం విచారకరం.

కాస్త పెద్ద పిల్లలుంటే మరో లెక్క ఇవ్వవచ్చు. మన దేశంలో రంజాన్ నెల 2019లో మే 7న మొదలైంది. 2025లో మార్చి 2న మొదలైంది. ఆరేళ్ళలో ఎన్ని రోజులు వెనక్కి వచ్చింది? వేళ్ళ మీద లెక్కిస్తే 66. ఏడాదికి ఎంత? పదకొండు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులని, సౌరమానం కన్నా పదకొండు రోజులు తక్కువని ఎవరూ చెప్పనవసరం లేకుండా పిల్లవాడే కనిపెడతాడు. మే నెల ఎండల్లో మళ్ళీ ఉపవాసాలు ఎప్పుడు మొదలవుతాయని అడిగితే 2050 ప్రాంతం దాకా లెక్క సాగుతుంది. అప్పటికి తన వయసెంతో కూడా వేసుకుని నవ్వుకుంటాడు.

రాత్రిళ్ళు డాబా మీద పడుకునే ఇళ్ళలో ఆకాశం ఎలాగూ ఉంది. మే నెల రాత్రి తొమ్మిది గంటలకు ఉత్తరం వైపు సప్తర్షి మండలం స్పష్టంగా కనిపిస్తుంది. గరిటె ఆకారంలో ఉండే ఆ చుక్కల కాడ వంపును అలాగే కొనసాగిస్తే తూర్పున బాగా మెరిసే స్వాతి నక్షత్రం తగులుతుంది. ఆ వంపులోనే ఇంకా కిందికి వెళితే దక్షిణాన చిత్త. పది గంటలకల్లా ఈశాన్యంలో వేగా అనే ప్రకాశవంతమైన చుక్క పైకి వస్తుంది. ప్రపంచమంతా వాడుతున్న ఈ వేగా అనే పేరు అరబ్బీ నుంచి వచ్చినదే. వాకిఅ అన్న మాట యూరపు భాషల్లో నలిగి వేగా అయింది. చలికాలపు చుక్కలు రైజెల్, ఆల్డెబరాన్ కూడా అరబ్బీ పేర్లే. చుక్కల్ని లెక్కపెడుతూ నిద్రపోయే పిల్లవాడికి ఈ సంగతి చెప్పండి. మరునాడు తన స్నేహితులందరికీ తనే చెబుతాడు.

ఇక మధ్యాహ్నాల సంగతి. కష్టమంతా ఇక్కడే ఉంది. బయటికి వెళ్ళరాదు, నిద్రపట్టదు, అల్లరి ఆగదు. ఈ గంటల కోసమే మన పెద్దలు నేల మీద కూర్చుని ఆడే ఆటల్ని కనిపెట్టారనిపిస్తుంది. వామన గుంటలకు చెక్కపీట ఉంటే మంచిదే, లేకపోతే గచ్చు మీద సుద్దతో రెండు వరుసల్లో ఏడేసి వలయాలు గీస్తే చాలు. చింతపండు గింజ తీసే కాలమిది కాబట్టి చింతగింజలకు కొదవ లేదు. గుంటకు ఐదు చొప్పున పద్నాలుగు గుంటలకు డెబ్భై గింజలు. పంచుతూ పోయే ఈ ఆటలో నాలుగేళ్ళ పిల్ల లెక్కపెట్టడం నేర్చుకుంటుంది, పదేళ్ళ పిల్లవాడు ముందుచూపు నేర్చుకుంటాడు. పులి-మేక ఆటలో పులులు మూడు, మేకలు పదిహేను. బలహీనమైన మేకలు కూడి కట్టుగా నిలబడితే పులులు కదల్లేక చిక్కుబడతాయి. దాడి, అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ మన నానమ్మలందరికీ తెలిసినవే. అష్టాచెమ్మా వంటి గవ్వలు వేసి ఆడే ఆటల పట్ల కొన్ని ఇళ్ళలో పెద్దలకు అభ్యంతరం ఉంది. అలాంటి ఇళ్ళలో గవ్వల ప్రమేయం లేని పై ఆటలు ఉండనే ఉన్నాయి. ఏ ఆటకైనా పందెం మాత్రం కూడదు, చింతగింజల పందెమైనా సరే.

తాటిముంజెల బండ్లు వచ్చినప్పుడు ముంజెలు తిని బుర్రలు పారేయకండి. రెండు బుర్రల నడుమ ఒక పుల్ల ఇరుసుగా గుచ్చి, పంగ ఉన్న పొడుగాటి కర్రతో తోస్తే బండి తయారు. పల్లెల్లో పెరిగిన తండ్రులందరూ దీన్ని తోలినవారే. తమ పిల్లలకు రెండు వందల ప్లాస్టిక్ కారు కొనేటప్పుడు ఆ సంగతి ఎందుకు మరిచిపోతారో తెలియదు.

మన పిల్లలకు ప్రత్యేకంగా ఉన్న మరో అవకాశం భాష. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడింటి మధ్య పిల్లవాడు నలిగిపోతున్నాడని కొందరు విచారిస్తారు. మా ఉద్దేశంలో అది విచారించవలసిన విషయం కాదు, ఆడుకోవలసిన విషయం. ఈ పత్రికలోని ఏదైనా ఒక పేజీ పిల్లల ముందు పరచి, ఇంట్లో అమ్మీ, దాదీ వాడే మాటలు ఇందులో ఎన్ని ఉన్నాయో పెన్సిలుతో గీత గీయమనండి. జిల్లా, తహసీల్దారు, వకీలు, ఫిర్యాదు, రసీదు, వసూలు, తారీఖు, జవాబు, హామీ, హక్కు, బజారు, దుకాణం, ఖరీదు, కుర్చీ, జేబు, అసలు, మామూలు. చివరికి రైతు అన్న మాట కూడా. అరబ్బీ రయియత్ నుంచి వచ్చిన ఈ మాట లేకుండా నేడు తెలుగులో వ్యవసాయం గురించి ఒక్క వాక్యం రాయలేము. ఎక్కువ మాటలు కనిపెట్టిన వారికి ఒక మామిడిపండు బహుమానం. తెలుగు తమది కాదేమోనన్న సంకోచం గల పిల్లలకు ఈ ఆట ఎంత మేలు చేస్తుందో ఉపాధ్యాయులు గ్రహించాలి.

నానీలు, దాదీలు ఉన్న ఇళ్ళు అదృష్టవంతమైనవి. వారి చేత కథలు చెప్పించాలి. కథలతో పాటు వారి చిన్ననాటి సంగతులు కూడా అడగాలి. ఊళ్ళో నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు, పెళ్ళికి ఎడ్లబండి మీద ఎంత దూరం వెళ్ళారు, మొదటి రేడియో ఎవరింట్లో వచ్చింది. చదవడం రాయడం వచ్చిన పిల్లలు అది రాసి పెట్టాలి. వంశవృక్షం గీయాలి. నాలుగు తరాల పేర్లు చెప్పగల పిల్లలు ఇవాళ ఎందరున్నారు? పరదాదా ఏ ఊరివాడో, ఏ పని చేసేవాడో ఈ వేసవిలో రాసుకోకపోతే వచ్చే వేసవికి చెప్పేవారు ఉండకపోవచ్చు.

వంటింటి పని పిల్లలకు శిక్ష కాదు, సరదా. అయితే అది ఆడపిల్లలకు మాత్రమే చెప్పే పని కాకూడదు. పచ్చి మామిడికాయ ఉడికించి, గుజ్జు పిండి, బెల్లం, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపి కైరీ షర్బత్ చేయడం ఎనిమిదేళ్ళ మగపిల్లవాడు కూడా నేర్వాలి. పొయ్యి దగ్గర పని అమ్మ చూసుకుంటే, మిగతాదంతా వాడే చేస్తాడు. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయని అడిగితే చెప్పే బదులు చూపించండి. రెండు సీసాల్లో సమానంగా నీళ్ళు పోసి, ఒకదానికి తడిబట్ట చుట్టి గాలి తగిలే కిటికీలో పెట్టాలి. గంట తరువాత రెండూ తాగి చూడమనాలి. బట్టలోని తడి ఆవిరవుతూ సీసా వేడిని తీసుకుపోతుంది. కుండకు ఉండే సన్నని రంధ్రాల్లో నీరు చెమ్మగిల్లి అదే పని చేస్తుంది. మచిలీపట్నంలో కుండ కర్నూలులో కుండంత చల్లగా ఎందుకు ఉండదంటే సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి. సెలవులకు చుట్టాల ఇంటికి వెళ్ళిన పిల్లలు దీన్ని పోల్చి చూడవచ్చు.

పగిలిన మట్టి మూకుడులో పిట్టలకు నీళ్ళు పెట్టడం, ఏయే పిట్టలు ఎన్ని వచ్చాయో రాసుకోవడం, పాత డబ్బాలో మెంతులు చల్లడం, ఇవి అందరికీ తెలిసినవే. మెంతులు రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి కాబట్టి ఓపికలేని పసివాళ్ళకు అవే తగినవి. కొత్తిమీరకు వారం దాటుతుంది. బంగినపల్లి టెంక నాటితే మొక్క వస్తుంది గాని ఆ మొక్కకు అదే రకం పండు కాయదు. అందుకే తోటలవారు అంటు కడతారన్నది పిల్లలకు కొత్త విషయం.

బయటికి తీసుకువెళ్ళాలనుకునేవారికి ఖర్చులేని చోట్లు లేకపోలేదు. అన్నింటికన్నా ముందు గ్రంథాలయం. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మనం కడుతూనే ఉన్నాం. అయినా మన పేటల్లోంచి గ్రంథాలయం గడప తొక్కే పిల్లలు తక్కువ. డబ్బు కట్టి సరుకు తెచ్చుకోకుండా వచ్చేయడం లాంటిదే ఇది. వారపు సెలవు ఏ రోజో కనుక్కుని, ఒక ఉదయం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, పాత చందమామ సంపుటాలు ఉన్నాయేమో అడిగి చూడండి. ఆ పత్రిక ఆగిపోయి ఏళ్ళు గడిచినా అట్టలు కట్టిన సంపుటాలు కొన్ని చోట్ల ఇంకా ఉన్నాయి. హైదరాబాదులో ఉన్నవారికి, సెలవులకు హైదరాబాదు వచ్చేవారికి సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా సేకరించిన వస్తువుల ప్రదర్శన 1951లో మొదలైంది, ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. పిల్లలకు అన్నింటికన్నా నచ్చేది సంగీత గడియారం. గంట కొట్టే వేళకు ఒక చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట మోగించి లోపలికి వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు వెళితే పన్నెండు దెబ్బలూ వినవచ్చు. శుక్రవారం ఈ మ్యూజియానికి సెలవు. సెలవు దినం కదా అని జుమా తరువాత పిల్లల్ని తీసుకుని బయలుదేరేవారు తలుపులు చూసి తిరిగి రావలసి వస్తుంది. జిల్లాల వారికి కర్నూలు కొండారెడ్డి బురుజు, విజయవాడ పక్కన కొండపల్లి ఖిల్లా, ఓరుగల్లు కోట ఉన్నాయి. ఉదయమే వెళ్ళి తొమ్మిదికల్లా తిరిగిరావాలి. రాళ్ళ కోటల్లో మధ్యాహ్నపు వేడి పెద్దలకే ప్రమాదం.

ప్రమాదమన్నాము కాబట్టి నీళ్ళ సంగతి చెప్పక తప్పదు. ప్రతి వేసవిలోనూ కాలువల్లో, చెరువుల్లో, క్వారీ గుంటల్లో ఈతకు దిగిన పిల్లల మరణవార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఒకరిని కాపాడబోయి మరొకరు, ఒకే ఇంటి అన్నదమ్ములు పోయిన సందర్భాలు అనేకం. వేసవికి ఎండిన చెరువు లోతు లేనట్టు పైకి కనిపిస్తుంది. మట్టి తవ్విన గుంటలు అందులోనే ఉంటాయి. ఈత వచ్చిన పెద్దవాడు చేయి అందేంత దూరంలో లేకుండా పిల్లలు నీళ్ళలో దిగరాదు. ఫలానా అన్న ఉన్నాడు కదా అని పదిహేనేళ్ళ పిల్లవాడి మీద భారం వేయకండి. నీళ్ళలో ఆడాలని పిల్లలు గోల పెడితే పెరట్లో పెద్ద తొట్టి ముందు కూర్చోబెట్టండి, మీరూ అక్కడే కూర్చోండి. చిన్న బకెట్టు నీళ్ళు కూడా పాకే పిల్లలకు ప్రమాదమే.

వడదెబ్బ విషయంలోనూ అంతే. పిల్లవాడు నీరసించి, నోరు ఎండిపోయి, మూత్రం తగ్గితే ఆలస్యం చేయరాదు. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే కీడు. ఒళ్ళు కాలిపోతూ మగతగా ఉంటే తడిబట్టతో ఒళ్ళంతా తుడుస్తూ, విసురుతూ వెంటనే 108కి ఫోను చేయాలి. మగతలో ఉన్న బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇంతదాకా చెప్పినవన్నీ సెలవులు పిల్లల చేతిలో ఉన్నప్పటి మాట. సెలవులే లేని పిల్లలు కూడా మన పేటల్లో ఉన్నారు. బడి మూయగానే మెకానిక్ షెడ్డుకో, హోటలుకో, గాజుల బట్టీకో పంపబడే మగపిల్లలు. మగ్గం పని ముందు, బీడీల చాట ముందు అమ్మ పక్కన కూర్చునే ఆడపిల్లలు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోరాదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం అంటోంది. సొంత కుటుంబం చేసే పనిలో బడి వేళల తరువాతా, సెలవుల్లోనూ సాయపడటానికి మాత్రం అందులో మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు చాటున ఎంత బాల్యం కరిగిపోతోందో లెక్కలకు అందదు. పేదరికం తెలియక ఈ మాట అనడం లేదు. నెలకు రెండు మూడు వేలు ఇంటికి వస్తాయంటే వద్దనడం ఏ తల్లికీ సులభం కాదు. కానీ ఏప్రిల్‌లో షెడ్డుకు వెళ్ళిన పిల్లవాడు చేతికి జీతం రుచి తగిలాక జూన్‌లో బడికి తిరిగి వెళ్ళడం కష్టం. ముఖ్యంగా ఐదో తరగతి ముగించి, ఆరుకు మరో బడిలో చేరవలసిన పిల్లలు ఈ సెలవుల్లోనే జారిపోతారు. అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఏ బడిలో చేర్చాలో ఇప్పుడే నిర్ణయించుకుని, బదిలీ పత్రం, ఆధార్ కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది.

ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అన్న వీధిలో గోలీలాడుతుంటే ఎనిమిదేళ్ళ చెల్లెలు చంటిబిడ్డను చంకనేసుకుని గిన్నెలు తోమే దృశ్యం ఎవరికీ వింతగా తోచడం లేదు. ఇంటి పని నేర్వవద్దనడం లేదు. ఇద్దరూ చేయాలి, ఇద్దరూ ఆడాలి అంటున్నాము.

మసీదు కమిటీల పెద్దలకు ఒక విన్నపం. అసర్ నుంచి మగ్రిబ్ దాకా చాలా మసీదుల ప్రాంగణాలు ఖాళీగా ఉంటాయి. పేటలో మరెక్కడా లేని నీడ, పంకా, తాగునీరు అక్కడ ఉన్నాయి. ఈ ఏడు వారాలు ఆ రెండు గంటలు పేట పిల్లలకు తెరిచి ఉంచండి. రెండు చాపలు, ఒక సుద్దముక్కల పెట్టె, పాత పిల్లల పుస్తకాలు ఇరవై. చదువుకున్న యువకుల్లో, రిటైరైన ఉపాధ్యాయుల్లో రోజుకొకరు వంతులవారీగా కూర్చుంటే చాలు. ఆడపిల్లలు కూడా రాగలిగేలా ఒక పక్క ఏర్పాటు చేయాలి. వారి దగ్గర కూర్చోవడానికి పేటలోని చదువుకున్న ఆపాలను అడగాలి. ఆటల్లో కాస్త గోల ఉంటుంది, ఒకటి రెండు చెప్పులు తారుమారవుతాయి. దాన్ని సహించగల పెద్దలు ఒకరిద్దరు ప్రతి కమిటీలోనూ ఉంటారు. వచ్చే జుమా ఖుత్బా తరువాత ఈ ప్రకటన చేయగలిగితే శనివారం నుంచే మొదలుపెట్టవచ్చు.